రెండింటి మోత

భూపాలపల్లిల మాకు అదురు కొత్త కాదు.
రోజూ రెండింటికి ఓపెన్‌కాస్ట్‌ల బ్లాస్టింగు,
అల్మారల గిన్నెలు గల్లుమంటయ్.
అమ్మ కూర కలుపుడు ఆపదు.

ఆ పొద్దు ఏడున్నరకే గల్లుమన్నయ్.
గంటె ఆగింది.
అమ్మ గడియారం దిక్కు చూసింది,
తర్వాత నేల దిక్కు.

బళ్లె కొమురెల్లి సారు
రెండు ఇటుకలు ఆనించి, ఒకదాన్ని నెట్టిండు.
కదలలేదు. ఇంకింత నెట్టిండు.
కదలలేదు.
జర్రున జారింది, బల్లంత అదిరి సుద్దముక్క రాలింది.
"గోదారి కింద పాత పగులుంది బిడ్డా,
ఏండ్లకేండ్లు బిగబట్టుకుంటది."

"మళ్లెప్పుడు సార్?" ఓదెలు అడిగిండు.
సారు సుద్ద ఏరుకున్నడు.
ఎక్కడ అని రాసిండు, ఎంత అని రాసిండు,
ఎప్పుడు కాడ చెయ్యి ఆగింది.

ఇంటికాడ రెండైంది. గిన్నెలు గల్లుమన్నయ్.
"అదేనారా?" అన్నది అమ్మ, గంటె పట్టుకొని.
"కాదమ్మా,
ఇది చెప్పొచ్చేది."