పదిహేడో నంబరు మడి

సెక్కియా ఏటి గట్టు దిగువన
పింఛనుదార్లకి మునిసిపాలిటీ పంచిన మళ్ళు నలభై.
పదిహేడు నాది. పక్కది ఎర్మెస్‌ది.
ముప్పై ఏళ్ళు టైల్స్ బట్టీ ముందు కాగిన మనిషి,
నీడన కూర్చోవడం ఇప్పటికీ చేతకాదు.

మే నెల, పొద్దున్నే కేకేశాడు: "నీవెస్, ఇలా రా."
అరచేతిలో పురుగు.
నల్లగా, పలకలు పలకలుగా,
వాళ్ళ ఫ్యాక్టరీలో పేర్చిన సరుకులాగే.
"లెట్యూస్ మొదట్లో దొరికింది. తినేది ఇదే.
చూడు, ఆకులన్నీ జల్లెడ."
అంటూనే సంచి మూతి విప్పాడు. నీలం గుళికలు.
పురుగుల మందు.
మందు అంటాం గానీ
రోగి ఎవరని ఎవరమూ అడగం.

నేను వాదించలేదు.
పురుగుని జామ్ సీసాలో వేశాను,
తోడుగా ఒక చిన్న నత్తని.
చీకటి పడ్డాక టార్చికి ఎర్ర గుడ్డ చుట్టి
ఇద్దరం వంగి చూశాం.

గుల్ల ఎక్కింది.
తొందర లేదు. ఒక కాటు, ఆగింది. ఇంకో కాటు.
నత్త కొమ్ములు లోపలికి తీసుకుంది,
ఎవరో ఒత్తి తగ్గించినట్టు.
తరవాత కరిగింది.
పురుగు తాగింది.
తాగుతుంటే దాని తోక దగ్గర
సన్నగా, పచ్చగా, ఒక వెలుగు.

ఎర్మెస్ వెనక్కి జరిగాడు.
"మిణుగురా ఇది?"
మిణుగురే. పిల్లది.
నీ ఆకు ముట్టదు, నీ ఆకు తినేదాన్ని తింటుంది.
రెక్కలొచ్చాక అసలు తిండి మీదే ధ్యాస ఉండదు.
ఆ వెలుగంతా నత్తల దగ్గర తెచ్చుకున్న అప్పు.

"హాని లేదంటావు."
లేదు.
"నత్తని అడిగావా?"

అడగలేదు.

చిన్నప్పుడు నోన్నా ఒక మిణుగురు మీద గ్లాసు బోర్లించేది,
తెల్లారేసరికి దాని చోట పది లీరాల నాణెం.
ఆమె ఆసుపత్రిలో ఉన్న వారం
నేనే పట్టాను, నేనే బోర్లించాను.
పొద్దున గ్లాసు కింద
నాణెం లేదు.
కాళ్ళు ముడుచుకుని అదే ఉంది.
ఎవరికీ చెప్పకుండా తులసి కుండీలో పూడ్చాను.
హాని అనే మాట వింటే
నాకు ఇప్పటికీ కనబడేది ఆ గ్లాసే.

ఎర్మెస్ సంచి మూతి కట్టేశాడు.
పారెయ్యలేదు. డబ్బు పెట్టి కొన్నది కదా.

జూన్ వచ్చింది. నా మడి మీద ఎగిరాయి, అతని మడి మీదా.
గేటు వైపు పన్నెండు మళ్ళలో మాత్రం ఒక్కటీ లేదు.
గునపాలు పోతున్నాయని కిందటేడు సంఘం
అక్కడ తెల్ల దీపం పెట్టించింది.
దాని కింద గడ్డిలో కూర్చుని ఆడది
మెరిసి మెరిసి పిలుస్తుంటే
ఎవరికి వినబడుతుంది,
పైన అంత తెలుపు అరుస్తుంటే?

శనివారం రాత్రి నిచ్చెన చప్పుడైంది.
డెబ్బై ఆరేళ్ళ మనిషి, స్తంభం మీద,
చేతిలో సున్నం బకెట్.
దీపానికి బోర్లించి దిగి
మోకాలు రుద్దుకున్నాడు.
"గునపం పోతే పోనీ. తుప్పు పట్టిందే."

ఆ రాత్రి గేటు దగ్గరికి రాలేదు ఏవీ.
మర్నాడూ రాలేదు.
లెట్యూస్‌కి చిల్లులు ఉండనే ఉన్నాయి.
చిల్లులున్నంత మేర తుంచేసి
ఉప్పూ నూనే వేసుకుని
గట్టు మీద, చీకట్లో, ఇద్దరం తిన్నాం,
గేటు వైపే చూస్తూ.