చింతపిక్కల బొంత

మా జేజినాయన దూదేకులోడు.
నారి మోగితే
ముద్దకట్టిన పత్తి మబ్బై లేచేదంట.
ఆదోనిలో ఏ ఇంట్లో పెండ్లైనా
పరుపు మాత్రం ఆయన చేతిదే.
బరువును తేలిక చేయడం మా కులం పని.

నేను మార్కెట్ యార్డులో హమాలీని.
ఆయన తేలిక చేసిన పత్తే
బోరాలై నా వీపుకెక్కింది.

నా కొడుకు నబిరసూల్‌కు ఏడేండ్లు.
పేరు పెట్టి పిలిస్తే తిరగడు,
ఫ్యాను తిరిగితే వాడూ తిరుగుతాడు.
కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకొని
గోడకు తల కొట్టుకుంటాడు.
కొత్త చొక్కా మెడ వెనక కుట్టిన చీటీ
వానికి తేలు.

నాలుక మీద వస రాసినాము.
తాయెత్తు కట్టినాము.
పీర్ల గుండం చుట్టూ
ఎత్తుకొని తిప్పినాము. ఆ డప్పులకు
వాడు నా భుజం కొరికిన గుర్తు ఇంకా ఉంది.
మగపిల్లోళ్ళకు మాటలు ఆలస్యమే అన్నారు కొందరు.
తల్లి ఫోను చూపించి చెడగొట్టింది అన్నారు ఇంకొందరు.
ఆ మాట నేనూ అన్నాను, ఒకసారి.
ఉసేన్‌బీ పొయ్యి ముందు నుంచి లేవలేదు,
నా వైపు చూడలేదు.
అది దాచిపెట్టి మిగతాదంతా చెప్తే
చెప్పిందంతా అబద్ధమే.

భవిత సెంటర్లో నాగవేణి మేడం
కాగితం మీద ఆటిజం అని రాసిచ్చింది.
జబ్బా అంటే కాదంది.
ఎప్పుడు పోతుంది అంటే
పోయేది కాదు, వాడు పుట్టిందే అట్ల,
మనమే వాని దగ్గరికి పోవాల అంది.
ఆ కాగితం జేబులో పెట్టుకొని
ఆ పొద్దు నలభై బోరాలు మోసినాను.
చెమటకు సిరా అంతా అలుక్కుపోయింది.
ఆ ఒక్క పదం మాత్రం చదవొచ్చు.

వీధిలో ఊరేగింపు పోయిన రాత్రి
వాడు కనపడలేదు.
మిద్దె మీద, బావి కాడ, బస్టాండులో
ఊరంతా వెతికి వస్తే
ఇంట్లోనే ఉన్నాడు.
మూలన పేర్చిన పరుపుల కింద.
జేజినాయన కుట్టినవే, మూడు.
ఊపిరాడక పోయినాడేమో అని
గుండె జారి లాగబోతే
నా చేయి పట్టుకొని
తన రొమ్ము మీద పెట్టుకొని
అదిమినాడు.
ఇంకా గట్టిగా అదమమని.
ఏడేండ్లలో వాడు నన్ను అడిగిన మొదటిది అదే.

బరువున్న దుప్పట్లు బెంగళూరులో దొరుకుతాయంట,
వేలల్లో ఉంటాయంట.
ఉసేన్‌బీ ఏమీ అనకుండా
చింతపండు కొట్టే ఆడోళ్ళ దగ్గరికి పోయి
ఒళ్ళో పిక్కలు పోయించుకొని వచ్చింది.
పాత చీరలు, నా లుంగీ,
తన పెండ్లి నాటి ఓణీ చించి
గదులు గదులుగా బొంత కుట్టింది.
గదికి గుప్పెడు పిక్కలు.
కదిలితే లోపల చిన్న వాన పడినట్టు గలగల.
యార్డు కాటా మీద పెడితే
రెండు కిలోల పావు.
ఏం సరుకప్పా ఇది, అని గుమాస్తా నవ్వినాడు.
నిద్ర, అన్నాను.

అన్నీ సర్దుకున్నాయని కాదు.
నాలుగు రాత్రుల్లో ఒక రాత్రి
ఇప్పటికీ ముగ్గురం మేలుకునే ఉంటాము.
మాటలు రాలేదు. వస్తాయో రావో.
అన్నం మాత్రం ఇప్పుడు గిన్నెలో ఎసరు పెట్టి వండుతాము.
కుక్కర్ అటక మీద ఉంది.

నిన్న ఒక గది కుట్టు ఊడి
పిక్కలు రాలినాయి.
వాడు ఒక్కొక్కటే తీసి
గడప నుంచి పొయ్యి దాకా
వరసగా పేర్చినాడు.
పాలోడు వచ్చి, చూసి,
చెప్పులు చేత పట్టుకొని
పక్కగా దాటి
పాలు పోసి పోయినాడు.
పక్కింటి పీరమ్మ కూడా.
ఇంక మిగిలింది నేను.
మోసి మోసి వంగిన మనిషిని,
గడప కాడ నిలబడి
ఏ కాలు ముందు పెట్టాల్నో చూసుకుంటా ఉన్నాను.