బంగారు పన్ను

మొయ్‌నాక్‌లో మా ఇంటి వెనకాల
ఒక పడవ ఉండేది, ఇసుకలో.
సముద్రం దాన్ని అక్కడ దింపి
ఇప్పుడే వస్తానని చెప్పి పోయింది.
నేను పుట్టకముందు మాట.

నాన్న ఏటా మంచు కరగ్గానే దానికి నీలం రంగు వేస్తాడు.
రంగు డబ్బాకీ పిండి బస్తాకీ ఒకటే ధర.
"నీళ్లొస్తే ఊరంతా బతుకుతుంది" అంటాడు,
తన కోసం ఏమీ అడగని మనిషి గొంతుతో.
ఊరి కోసం కలగనేవాడితో ఎవరు పోట్లాడతారు?
మేం రొట్టెని ఇంకాస్త సన్నగా తుంచుకునేవాళ్లం.

అక్క అయ్‌సానెమ్‌కి నూకుస్ పోవాలని, నాటకాల్లో చేరాలని.
పత్తి చేలో వంగి వంగి సంభాషణలు చెప్పేది.
ఒకసారి ఖాన్, ఒకసారి ఖాన్ పెళ్లాం,
ఒకసారి ఇద్దరి మధ్య చచ్చిపోయే గుర్రం.
"తన పొట్టే తనకి" అంది నానమ్మ.

నా కలలో నేను అందరికీ చేపలు వేయించి పెట్టేవాణ్ణి.
నానమ్మ నా తల నిమిరింది.
అది త్యాగం కాదు, ఆకలి.
నాకు తెలుసు. చెప్పలేదు.

అమ్మకీ ఒకటుంటుందని ఎవరం అనుకోలేదు.
నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది, అంతే.

ఒక చలికాలం పొద్దున
పడవ కింద కంచు పంకా లేదు.
ఉప్పుగాలిలో ఉత్త ఇరుసు.
నాన్న దొంగని తిట్టాడు, పక్కింటి తోలెగెన్‌ని తిట్టాడు,
సాయంత్రం అమ్మ బస్సు దిగేదాకా తిడుతూనే ఉన్నాడు.
అమ్మ చెయ్యి అడ్డం లేకుండా నవ్వింది.
పైవరసలో, సరిగ్గా ముందు, బంగారు పన్ను.

నానమ్మ గుండెలు బాదుకుంది.
నాన్న పొయ్యి వైపు తిరిగి, చాలాసేపటికి,
"రేపు సముద్రం వస్తే పడవ ఎట్లా కదులుతుంది?"
"రానీ. వచ్చినప్పుడు కొందాం."
"ఆ డబ్బుతో నాకు ఏడాది గడిచేది. తీసి అమ్ము" అంది అక్క.
"తియ్యను. ఇది నాది."

నాది.
ఆ మాట అమ్మ నోట వినడం అదే మొదలు.
కొత్త పన్ను కదా, కొంచెం నత్తిగా వచ్చింది.

అక్క ఎలాగూ పోయింది, ఉల్లిపాయల లారీ ఎక్కి, అప్పు చేసి.
రెండేళ్లకి మమ్మల్ని నాటకానికి పిలిచింది.
పనిమనిషి వేషం. రెండు మాటలు, ఒక నవ్వు.
నోరంతా తెరిచి, చెయ్యి అడ్డం లేకుండా,
ఆఖరి వరస దాకా వినపడేట్టు నవ్వింది.
జనం ఈలలేశారు.

నేను అమ్మ వైపు చూశాను.
పెదాలు బిగించుకుని కూర్చుంది,
ఎవరో తన జేబులో చెయ్యి పెట్టినట్టు.
కాసేపటికి నాలుకతో పన్ను తడిమి చూసుకుంది.

నాన్న గోళ్లలో నీలం రంగు గిల్లుకుంటూ
చప్పట్ల మధ్య నా చెవిలో అన్నాడు:
"ఆ తెర రంగు బాగుంది.
డబ్బా ఎంతుంటుందో కనుక్కో."