నాలుగు సెకన్ల వెనక

లీడ్స్‌లో, కాలువ పక్కన, పాత ఉన్నిమిల్లు మూడో అంతస్తులో
అగ్గిపెట్టంత గది నాది.
గోడలకు స్పాంజి పలకలు. కిటికీ లేదు.
చెవుల్లో ఎవరెవరి మాటలో పడుతుంటాయి.
వాటిని నా నోటితో మళ్లీ అంటాను, యంత్రానికి.
అది రాస్తుంది.
టీవీ అడుగున చీమల్లా పాకుతాయి అక్షరాలు
వినపడనివాళ్ల కోసం.

మంత్రిగారి తడబాటు, కామా, నా గొంతులోంచే పోతుంది
ఆట గెలిచిన పిల్ల కేక కూడా, ఆశ్చర్యార్థకం.
నేను మాత్రం కేక వెయ్యకూడదు.
మొదటివారమే చెప్పింది మొయిరా:
"నవ్వితే దానికి అర్థం కాదు, ఏడిస్తే అసలే కాదు.
ఇస్త్రీ చేసినట్టు మాట్లాడు."

ఆరేళ్లు ఇస్త్రీ చేశాను.
ఇంట్లో పిల్లాణ్ని కసురుకున్నా
చివర ఫుల్‌స్టాప్ అని పైకే అనేస్తాను.
వాడి నవ్వు ఆగదు.
కోపానికి కూడా ఒక చుక్క పెట్టి లేచిపోయే తల్లి
వాడి బళ్లో ఇంకెవరికీ లేదట.

తాటాకు మీద గంటంతో తిన్నగా గీస్తే
ఈనె వెంట చీలిపోతుందని
అందుకే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని
చిన్నప్పుడు సీతారత్నం టీచరు చెప్పేది.
నిజమో కాదో నాకు తెలీదు.
ఆ గదిలో కూచున్నప్పుడు మాత్రం నమ్ముతాను.
ఊరికే మోస్తోందనుకున్న ఆకే
తను మోసేదాని నడుం వంచింది.
ఆకుకు జడిసి 'ఱ' అన్ని మెలికలు తిరిగితే
యంత్రానికి జడిసి నా గొంతు
ఉన్న మెలికలన్నీ విప్పేసుకుంది.

పక్కింటి విల్‌ఫ్రెడ్ హేగ్‌కి ఎనభై ఒకటి.
మగ్గాల మోతలో ముప్పై ఏళ్లు పనిచేసి
చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు
(ఏ అంతస్తులోనో నేనెప్పుడూ అడగలేదు).
లోకంలోని మాటలన్నీ ఆయనకి
నాలుగు సెకన్లు ఆలస్యంగా అందుతాయి.
స్టూడియోలో నవ్వులు చల్లారి
తెరమీది పెదవులు ఇంకో వాక్యంలోకి వెళ్లిపోయాక
అప్పుడు నవ్వుతాడు.
మాది ఉమ్మడి గోడ.
నాకు సెలవున్న రాత్రి ఇద్దరం ఒకే కార్యక్రమం చూస్తాం.
నేను నవ్వి, లెక్కపెడతాను:
ఒకటి రెండు మూడు నాలుగు
గోడ నవ్వుతుంది.

పోయిన మార్చిలో ఎవరిదో పెద్ద అంత్యక్రియ.
నేను మోర్నర్స్ అన్నాను.
యంత్రం మార్నింగ్స్ అని విన్నది.
నల్లకోట్లు తొడుక్కున్న ఉదయాలు
తలలు వంచుకుని, వానలో, చర్చి మెట్లెక్కాయి.
దిద్దడానికి మీట ఉంది. వేలు దాని మీదే ఉంది.
దిద్దలేదు. ఎందుకో తెలీదు.

మర్నాడు తలుపు కంతలోంచి ఒక చీటీ పడింది,
కరెంటు బిల్లు వెనక, పెన్సిలుతో:
"ఆ ఉదయాలు నీ పనేనా?
మా డొరీన్ పోయినప్పుడూ వచ్చాయవి.
వరసగా పద్దెనిమిది నెలలు."

నవంబరులో మమ్మల్ని పంపేశారు.
యంత్రం ఇప్పుడు ఎవరి గొంతైనా సూటిగా వింటుందట.
ఆరేళ్లు నేను పెట్టిన తిండే కదా,
తిని ఎదిగింది, తప్పేముంది.
తప్పులు దానికి నిజంగానే తక్కువ.
మొన్న ఇంకెవరో పోతే
ఏడ్చేవాళ్లని ఏడ్చేవాళ్లనే రాసింది.
వాళ్లు నడిచారు, మెట్లెక్కారు, లోపలికి పోయారు.
చీటీ ఏదీ రాలేదు.

రాత్రి తొమ్మిదిన్నర. పాత హాస్యం, మళ్లీ వేస్తున్నారు.
నవ్వాను.
ఒకటి, రెం
గోడ అవతల నవ్వు వచ్చేసింది.
తొందరగా వచ్చింది. మంచిదే,
ముసలాయన లోకానికి రెండు సెకన్లు దగ్గరయ్యాడు.
నేనే ఇవతల, చల్లారిన టీ పట్టుకుని
ఇంకా లెక్కపెడుతూ
మూడు, కామా,