పాదరసం

కొండపి దాటాక మా ఊరు,
ఊరు దాటాక రెండు బ్యారన్లు.
నేను మొదట చదివింది పలక మీది అక్షరం కాదు,
చిన్న కిటికీ అద్దం వెనక వేలాడే థర్మామీటర్.

అమ్మా వాళ్లు పచ్చాకు కర్రలకు అల్లుతుంటే
ఆ జిగురు నా నోటుపుస్తకానికీ అంటేది.
పేజీలు విడదీస్తే
ఏడో ఎక్కం సగం చిరిగి
పదమూడో ఎక్కానికి అతుక్కొని వచ్చేది.
అన్నం ముద్ద చేదు.
కొరికిన పెన్సిలు చేదు.

మాల్యాద్రి తాత పొయ్యి కాడ మనిషి.
ఆకు పండిందో లేదో వేళ్లతో నలిపి చెప్పేవాడు,
ఆరిందో లేదో ఈనె విరిచి, చప్పుడు విని చెప్పేవాడు.
అంకెలు మాత్రం రావు.
"ఎంతుందో చూడు పాపా" అనేవాడు.
నేను చెప్పినదాన్ని బట్టి
తుమ్మమొద్దు లోపలికి నెట్టడమో, వెనక్కి లాగడమో.
తొమ్మిదేళ్ల పిల్ల మాటకు
అంత పెద్ద మనిషి అట్టా కదలడం!
తర్వాత ఏ సభలోనూ నా మాటకు
ఎవరూ అట్టా కదల్లేదు.

పొయ్యి మూతి దగ్గర వెలుతురు ఊరికే దొరికేది.
బెల్లం పొట్లం కాయితం, అట్ట లేని కథల పుస్తకం,
ఎవరో పరీక్ష తప్పి పారేసిన సోషల్ గైడు,
ఏది చిక్కితే అది.

మాఘంలో ఒక రాత్రి
కథలో దొంగ బావిలోకి దిగాడు.
వాడు పైకొచ్చేదాకా నేను తలెత్తలేదు.
"ఎంతుంది పాపా?"
చూడకుండానే తొంభై ఎనిమిదన్నాను.
ఇంకో రెండు మొద్దులు లోపలికి పోయాయి.

పసుపు తిరగాల్సిన ఆకు
తెల్లారేసరికి కమిలి నల్లబడింది.
ఆసామి పొయ్యి కేసి చూశాడు.
"కునుకు పట్టిందయ్యా" అన్నాడు తాత.
పదకొండు రోజుల కూలి పోయింది.
నా వైపు తిరిగైనా చూడలేదు.

ఒంగోలులో హాస్టలు, గుంటూరులో పీహెచ్‌డీ.
పొగాకు కూలీల మాటల మీదే సిద్ధాంత గ్రంథం:
అడుగాకు, ఈనె, మండె, అల్లిక.
అచ్చేశాక ఒక శాలువా కూడా కప్పారు.
అనుబంధంలో మాటలు చెప్పినవాళ్ల జాబితా.
పదిహేడో పేరు మాల్యాద్రి,
వయసు సుమారు డెబ్బై, చదువు లేదు.
ఆ "చదువు లేదు" టైపు చేసింది నేనే.
ఆ రాత్రి సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు.

పుస్తకం చేతికిస్తే
తాత ముందు వాసన చూశాడు.
ఒక పేజీ మూల నలిపి, చెవి దగ్గర పెట్టుకుని
"బాగానే ఆరింది" అన్నాడు.
కాసేపాగి,
"ఎంతుంది పాపా?"

నాకు తెలుసు.
అయినా చివరి పేజీ తిప్పి,
అంకె మీద వేలు పెట్టి,
చూసి చెప్పాను.