కోత బొమ్మ

వల గది తాళంచెవి
డాల్ఫిన్స్ నోస్ అవతల ఎక్కడో నీళ్ళలో పడిపోయింది.
లుంగీ మడతలోంచి జారిందని నాన్న,
ఐసు ఫ్యాక్టరీ బెంచీ మీద మరిచాడని అమ్మ.
గొళ్ళేన్ని రాయితో కొట్టి ఊడబెరికాక
తాళం మాత్రం మూసిన నోరు మూసినట్టే
నా చేతికొచ్చింది.

మర్నాడు కంచరపాలెం ఐటీఐలో
గౌరునాయుడు మేష్టారు దాన్ని అరచేతిలో తూచి
"పైపై బొమ్మ ఎవరైనా గీస్తారు,
కోసి గియ్యి" అన్నారు.
వైసులో బిగించి హాక్సా పట్టాను.
ఇత్తడి పొడి వేళ్ళ సందుల్లో పసుపులా అంటింది.
నలభై నిమిషాలు. రెండు బ్లేడ్లు.
ఇన్నేళ్ళూ మా తలుపుకి వేలాడిన చీకటిని
మొదటిసారి చూశాను.

ఆరు పలకలు, అప్పడాల దొంతరలా.
ఒక్కో పలక వెనక
వెంట్రుక కన్నా కాస్త లావు స్ప్రింగు.
పలకలో కిటికీ, కిటికీ పక్కన సన్నని గాటు.
చెవి పళ్ళు ఒక్కోదాన్నీ ఒక్కో ఎత్తుకి లేపాలి.
ఆరు గాట్లూ ఒకే వరసలోకి వచ్చినప్పుడు
గడియ మీది మొటిమ వాటిలోంచి దూరిపోతుంది.
తక్కువ లేపితే రాదు.
ఎక్కువ లేపినా రాదు.
ఇంతే దీని మంత్రం. మిగతాదంతా ఇత్తడి.

డ్రాయింగు షీటు, టీ స్క్వేరు, టూ హెచ్ పెన్సిలు.
రంపం తగిలిన చోటల్లా నలభై అయిదు డిగ్రీల గీతలు,
పక్క ముక్కకి ఎదురు వాటంగా,
లేకపోతే రెండూ ఒకటే అనుకుంటారు.
వెనక దాక్కున్నవాటికి తెగిన గీత.
రివెట్టుని మాత్రం కొయ్యకూడదు.
రంపం నిజంగా కోసేసినా సరే
బొమ్మలో అది నిండుగానే ఉండాలి.
ఎందుకండీ అంటే "మర్యాద" అన్నారు మేష్టారు.

పలకకీ పలకకీ మధ్య ఖాళీ వదలడం మరిచాను.
ఆయన పెన్సిలు మొనతో తట్టారు.
"ఊపిరెలా ఆడతాది గుంటా దీనికి?
సందు లేందే ఏదీ ఆడదు.
గానుగైనా, తలుపైనా."
రబ్బరు పెట్టి చెరిపి
పావు మిల్లీమీటరు గాలి గీశాను.
గాలి గీయడమంటే ఏమీ గీయకపోవడమే.
దానికే ఎక్కువ సేపు పట్టింది.

మూలల్లో ఉప్పు. పచ్చటి చిలుము.
ఇరవై ఏళ్ళ సముద్రం
చెవి దూరే కన్నంలోంచి రోజుకింత వచ్చి కూర్చుంది.
దానికి ఏ గీత వెయ్యాలో పుస్తకంలో లేదు.
వదిలేశాను. బొమ్మలో మా తాళం కొత్తదైపోయింది.
కింద గళ్ళలో రాశాను:
వాసుపల్లి పోలమ్మ. స్కేలు, రెండుకి ఒకటి.

సాయంత్రం ఫిషింగ్ హార్బర్‌లో
బోర్లించిన ఐసు పెట్టె మీద షీటు పరిచాను.
తడి చేతులు వెనక్కి పెట్టుకుని
నాన్న వంగి చూశాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
కుడి చెయ్యి మాత్రం ఎప్పుడు ముందుకొచ్చిందో
గాలిలో ఏదో పట్టుకుని తిప్పింది.
"తప్పేసీసినావు. మనది ఎడం పక్కకి తిరుగుతాది.
సగం తిప్పీసాక ఓపాలి ఎనక్కి లాగాల."

ఇంటికొచ్చి రెండు ముక్కలూ లైటు కింద పెట్టాను.
నిజమే. వెనక సగంలోంచి చూసి
బాణం అటుది ఇటు వేశాను.
ఇంకోటి: మూడో స్ప్రింగు విరిగి ఉంది.
నిన్న నా రంపానికి కాదు,
అంచులు నల్లబడ్డాయి, ఎప్పటి విరుగుడో.
ఆనాటి నుంచీ
నాన్న మణికట్టే ఆ స్ప్రింగు పని చేస్తోంది,
లోపల ఏముందో ఎన్నడూ చూడకుండా.

బాణం చెరిపాను, తిప్పి వేశాను.
మణికట్టుకి గీత దొరకలేదు.

లేని భాగం ఉంటే ఎక్కడుంటుందో చూపడానికి
ఒక గీత ఉంది:
పొడుగు గీటు, రెండు చుక్కలు, మళ్ళీ పొడుగు గీటు.
దాంతో తాళంచెవిని గీశాను.
కన్నంలో పెట్టి, ఎడమకి,
సగం దాకా తిప్పి
ఆపాను.