కొంగలబోడు హాల్ట్

ఫారంలో ఒక్క గడి మిగిలింది:
ఆవాసమా, కాదా.

కాజీపేట దాటినంక ఎడమచేతి పక్క
పసుపు పలక మీద సగం పేరు.
మిగతా సగం ఎవరి కోళ్లగూటికి కప్పయిందో.
నక్షలో లేదు. బొడ్రాయి లేదు,
కల్లు మండువ లేదు,
కొట్లాడుకోను ఒక కుంటన్నా లేదు.

"ఊరెక్కడిది సారూ,
ఇంజను నీళ్లు తాగే జాగ అది"
అన్నడు టికెట్లమ్మి, జెండా ఊపిన ఓదెలు.
అనుకుంటనే వేళ్లు మడిచిండు:
ఆరు క్వార్టర్లు, ఒక చాయ డబ్బా,
సీతాఫలాల గంపతో దిగి
మళ్ల బండెక్కని సారమ్మ.

బిడ్డ పుట్టినూరు కొంగలబోడని రాయిస్తే
హెడ్మాస్టరు కొట్టేసి
కాజీపేట అని రాసిండట.

ఒక బతుకమ్మకు నలుగురే ఆడోళ్లు.
చప్పట్లు చాలక
గేట్‌మన్ కొడుకును గూడ తిప్పుకున్నరు.
వాగు దూరమని
ఇంజను నీళ్ల తొట్టిలనే వేసిండ్రు.
తెల్లారి గూడ్సు డ్రైవరు
తంగేడు పూలు మెల్లగ పక్కకు జరిపి
డబ్బా నింపుకున్నడట.

"పంచాయితీ ఎవరు చెప్పేది?" అడిగిన.
"ఎన్నడు పడలే."
కొంచెం ఆగి, నవ్వుకుంట:
"ఒకపారి పడ్డది. కోడి గురించి.
ఏడాది మాటల్లేవు
మూడో క్వార్టరుకు, ఐదోదానికి."

ఎక్స్‌ప్రెస్ పోయింది, ఆగకుండ.
ఓదెలు లేచి నిలబడ్డడు,
జెండా లేని చెయ్యి సగం లేపి.

గడి మీద పెన్ను అట్లనే ఉంది.
దుమ్ము తగ్గినంక
అడుగుతున్న:
ఇంతకు కోడి ఎవరిది?